గీసి తీసిన సినిమా: బాపు దర్శక విద్య

ఖమ్మం జిల్లా వేంసూరు నుంచి భద్రాచలం వెళ్లేవాళ్లు సత్తుపల్లి, దమ్మపేట, పాల్వంచ మీదుగా వెళ్తారు. మామిడి తోటలు, పామాయిల్ తోటలు వెనకబడి అడవి మొదలవుతుంది. శ్రీరామనవమి వచ్చిందంటే ఆ దారంతా కల్యాణానికి పోయే జనమే. ఈ నేల మీద రాముడి కథ పుస్తకంలో ఉండిపోలేదు. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న (రామదాసు) పాల్వంచ పరగణాకు తహశీల్దారుగా పనిచేశాడు, భద్రాద్రిలో గుడి కట్టించాడు, గోల్కొండ చెరసాలకు వెళ్లాడు. గోల్కొండ తప్ప ఆ ఊళ్లన్నీ మనం బస్సులో దాటిపోయే ఊళ్లే.

ఇదే కల్యాణానికి గోదావరి కింది ఊళ్లవాళ్లు ఒకప్పుడు నీళ్ల మీద వచ్చేవాళ్లు. రాజమండ్రిలో లాంచీ ఎక్కి, పాపికొండల మధ్యనుంచి ఎదురు ప్రవాహంలో భద్రాచలం చేరేవాళ్లు. ఆ ప్రయాణాన్నే 1973లో ఒక సినిమాగా తీశారు. పేరు ‘అందాల రాముడు’. కథానాయకుడు అక్కినేని నాగేశ్వరరావు, రచయిత ముళ్లపూడి వెంకటరమణ, దర్శకుడు బాపు.

బాపు సినిమాలు అందంగా ఉంటాయని అందరూ అంటారు. ఆ అందం ఎలా పుట్టిందో అడిగేవాళ్లు తక్కువ. పుట్టుకతో వచ్చిన విద్య అని చేతులు దులుపుకుంటే మనకు దక్కేది ఒక నమస్కారం మాత్రమే. నిజానికి ఆ అందం వెనక ఒక పద్ధతి ఉంది. దాన్ని చూడవచ్చు, విడదీసి చెప్పవచ్చు, నేర్చుకోవచ్చు. దానికి కావలసినవి పెన్సిలు, తెల్లకాగితం, ఓపిక. సినిమా తీయాలని కలలుగనే పిల్లలు ప్రతి మండలంలోనూ ఉన్న ఈ రోజుల్లో ఆ పద్ధతి గురించి వివరంగా మాట్లాడుకోవడం అవసరం.

గీత నుంచి తెర దాకా

బాపు అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ. 1933 డిసెంబరు 15న నరసాపురంలో పుట్టారు. మద్రాసులో లా చదివి పట్టా పుచ్చుకున్నారు కానీ కోర్టు గుమ్మం తొక్కలేదు. ఆంధ్రపత్రికలో కార్టూన్లు వేశారు, కథలకు బొమ్మలు వేశారు, పుస్తకాలకు ముఖచిత్రాలు వేశారు, వ్యాపార ప్రకటనల సంస్థల్లో పనిచేశారు. స్కూలు రోజుల్లో మద్రాసులో కలిసిన ముళ్లపూడి వెంకటరమణ చివరిదాకా ఆయనతోనే ఉన్నారు. రమణది ధవళేశ్వరం. ఇద్దరూ గోదావరి ఒడ్డున పుట్టినవాళ్లే.

పత్రికలో కథకు బొమ్మ వేసేవాడికి ఉన్న చోటు చాలా చిన్నది. పది పేజీల కథలోంచి ఒక్క క్షణాన్ని ఎంచుకోవాలి. ఆ క్షణంలో ఎవరు నిలబడ్డారు, ఎవరు కూర్చున్నారు, ఎవరి చూపు ఎటుంది అన్నది ఒక్క గీతలో తేలిపోవాలి. పాఠకుడు పేజీ తిప్పేలోపే ఆ బొమ్మ తన మాట చెప్పెయ్యాలి. ఏళ్ల తరబడి ఆ సాధన చేసిన మనిషి కెమెరా వెనక్కి వచ్చారు. దర్శకుడిగా తొలి సినిమా నాటికే ఆయనకు ఫ్రేములో ఏది ఉండాలో, అంతకన్నా ముఖ్యంగా ఏది ఉండక్కర్లేదో తెలుసు. 

కాగితం మీద మొదటి సినిమా

బాపు పద్ధతిలో మూలస్తంభం స్టోరీబోర్డు. రమణ రాసిన సన్నివేశం చేతికి వచ్చాక, షూటింగుకు ముందే ఆయన ఆ సన్నివేశాన్ని షాట్లుగా విడగొట్టి బొమ్మలు గీసుకునేవారు. మాటల పక్కనే బొమ్మలు ఉండేవి. మనిషి ఏ మూల నిలబడాలి, కెమెరా ఎంత ఎత్తులో ఉండాలి, తల ఎటు తిరగాలి అన్నవన్నీ ఆ గళ్లలో తేలిపోయేవి. సెట్టులో అడుగుపెట్టేసరికి ఆ సినిమా కాగితం మీద ఒకసారి పూర్తయి ఉండేది.

ఇది ఎలా పనిచేస్తుందో మన ఊరి సన్నివేశం ఒకటి తీసుకుని చూద్దాం. వేంసూరులో ఒక తండ్రి తన కొడుకును చదువు కోసం హైదరాబాదు బస్సెక్కిస్తున్నాడు అనుకోండి. మామూలుగా రాసే పద్ధతిలో తండ్రి జాగ్రత్తలు చెబుతాడు, కొడుకు సరే నాన్నా అంటాడు, ఇద్దరికీ కళ్లు చెమరుస్తాయి. ఇప్పుడు దీన్ని ఆరు గళ్లలో గీయండి. మొదటి గడిలో రోడ్డు, వేపచెట్టు, దాని కింద చిన్నగా ఇద్దరు మనుషులు. రెండో గడిలో బ్యాగు పిడి మీద ఇద్దరి చేతులు, ఎవరూ వదలడం లేదు. మూడో గడిలో కొడుకు ముఖం, చూపు రోడ్డు చివర మీద. నాలుగో గడిలో తండ్రి జేబులోంచి తీసిన మడత నోట్లు. అయిదో గడిలో బస్సు కిటికీ. ఆరో గడిలో మళ్లీ మొదటి గడిలో ఉన్న రోడ్డు, అదే చెట్టు, కింద ఒక్క మనిషి.

ఈ ఆరు గళ్లు గీసేసరికి రెండు సంగతులు తేలతాయి. ఒకటి, జాగ్రత్తలు చెప్పే మాటల్లో సగానికి పైగా అక్కర్లేదు. బ్యాగు పిడి మీద ఆగిపోయిన చేతులు ఆ పని చేసేశాయి. రెండు, మొదటి షాటుకీ చివరి షాటుకీ కెమెరా ఒకే చోట ఉండాలి. అంటే ఆ రెండూ ఒకేసారి తీసుకోవచ్చు. కెమెరా జరపనక్కర్లేదు, వెలుతురు మారే భయం లేదు, సగం పూట కలిసొస్తుంది. కళకూ ఖర్చుకూ ఒకేసారి మేలు చేసే పని అది. బొమ్మలు బాగా గీయడం రాదే అని వెనకాడక్కర్లేదు. కర్రబొమ్మలు గీసినా సరిపోతుంది. మనిషి ఎక్కడున్నాడు, ఎటు చూస్తున్నాడు అన్నది తెలిస్తే చాలు.

బాపు బొమ్మల్లో ఇంకో గుణం ఉంది, అది ఆయన సినిమాల్లోకీ నడిచొచ్చింది. ఆయన గీతలో ఖాళీకి విలువ ఉంటుంది. ఒక ఆడపిల్ల బొమ్మ గీస్తే వాలుజడ, పెద్ద కళ్లు, చీర కుచ్చిళ్లు కనిపిస్తాయి. చుట్టూ తెల్లకాగితం అలాగే ఉంటుంది. తెర మీద కూడా ఆయన మనిషి చుట్టూ చోటు వదులుతారు. ఆ చోటు ఆకాశం కావచ్చు, నీళ్లు కావచ్చు, తెల్లసున్నం వేసిన గోడ కావచ్చు. చూసేవాడి కన్ను తడబడకుండా మనిషి దగ్గరికే వెళ్తుంది. 

ఊరే సెట్టు

1967లో వచ్చిన ‘సాక్షి’ బాపు మొదటి సినిమా. రమణ తన కథనే సినిమాగా మలిచారు. కృష్ణ, విజయనిర్మల నాయికానాయకులు. గోదావరి గట్టున ఉన్న పులిదిండి గ్రామంలో తీశారు. స్టూడియో ఫ్లోరులో తాటాకు ఇల్లు వేసి, దాన్నే పల్లెటూరు అనిపించే కాలం అది. ఈ బృందం ఆ ఊరికే వెళ్లింది. నిజమైన వీధి, నిజమైన రేవు, ఊరి జనం తెరకెక్కారు.

కథ చిన్నది. హత్యను చూసిన ఒక అమాయకుడు కోర్టులో నిజం చెబుతాడు. హంతకుడు తిరిగొచ్చి చంపుతానంటే ఊళ్లో ఒక్క తలుపూ తెరుచుకోదు. ఇలాంటి కథకు ఊరే ప్రధాన పాత్ర. మూసుకున్న తలుపులు అట్టముక్కలతో చేసినవైతే ఆ భయం పండదు. తక్కువ డబ్బు ఉండటం వల్ల ఊరికి వెళ్లారని కొట్టిపారేయవచ్చు కానీ, ఆ కథ అడిగింది కూడా ఊరినే. కథ ఏం అడుగుతోందో తెలుసుకుని, ఉన్న డబ్బులో అది ఎక్కడ దొరుకుతుందో వెతకడం దర్శకుడి మొదటి లెక్క. 1968లో ఈ సినిమా తాష్కెంట్ చిత్రోత్సవానికి వెళ్లింది.

లాంచీలో కథ

‘అందాల రాముడు’ దగ్గర ఆ లెక్క ఇంకా కష్టమైంది. కథ చాలాభాగం లాంచీ మీదే నడుస్తుంది. డబ్బున్నవాళ్లూ లేనివాళ్లూ, మంచివాళ్లూ మోసగాళ్లూ ఒకే పడవలో రాముడి పెళ్లికి బయలుదేరతారు. నూతన్ ప్రసాద్ తెరకు పరిచయమైంది ఈ సినిమాతోనే.

నది మీద సినిమా తీయడంలో ఉన్న చిక్కులు ఒడ్డున కూర్చున్నవాళ్లకు తెలియవు. నది వంపు తిరిగిందంటే ఎండ వాటం మారిపోతుంది. అప్పటిదాకా నటుడి ఎడమ చెంప మీద పడ్డ వెలుగు కుడి చెంప మీదికి వస్తుంది. ఆ రెండు షాట్లూ పక్కపక్కన అతికిస్తే ఒకే సంభాషణ రెండు పూటల్లో జరిగినట్టుంటుంది. వెనక ఒడ్డు కదులుతూ ఉంటుంది. ఒక షాటులో చెట్లు కుడి నుంచి ఎడమకు పోతుంటే, కెమెరా అవతలి వైపు పెట్టిన మరుసటి షాటులో అవే చెట్లు ఎడమ నుంచి కుడికి పోతాయి. లాంచీ వెనక్కి తిరిగిందేమో అని ప్రేక్షకుడు గందరగోళపడతాడు. ఇంజను చప్పుడులో మాట వినపడదు కాబట్టి డబ్బింగు తప్పదు. ఒక టేకు పాడైతే లాంచీని మళ్లీ మొదటి చోటికి తెచ్చుకోవాలి. ఆలోగా ఎండ జరిగిపోతుంది.

ఇలాంటి చోట, అక్కడికి వెళ్లాక చూసుకుందాంలే అనుకునే దర్శకుడు మునిగిపోతాడు. ఏ షాటు పొద్దుట తీయాలి, ఏది సాయంత్రం తీయాలి, ఏ సన్నివేశానికి ఏ ఒడ్డు వెనక ఉండాలి అన్నది ముందే తేల్చుకున్నవాడికే నది లొంగుతుంది. బాపు స్టోరీబోర్డు విలువ తెలుసుకోవాలంటే ఈ సినిమాను ఆ దృష్టితో మళ్లీ చూడాలి. లాంచీ ఎటు పోతోందన్న సందేహం మనకు రాదు. పడవలో ఎవరు ఎక్కడ ఉన్నారో మన మనసులో ఒక పటం ఏర్పడిపోతుంది.

ఇంకో సంగతి. ఈ సినిమా ఇప్పుడు ఒక నది చరిత్ర కూడా. పోలవరం ప్రాజెక్టు వల్ల దేవీపట్నం వైపు ఎన్నో ఊళ్లు ఖాళీ అయ్యాయి, నీళ్లలో మునిగాయి. యాభై ఏళ్ల నాటి గోదావరి గట్లు, రేవులు, ఆ ప్రయాణపు తీరు చూడాలంటే ఈ సినిమా ఒక దారి. 2006లో శేఖర్ కమ్ముల ‘గోదావరి’ తీసినప్పుడు మళ్లీ రాజమండ్రి నుంచి భద్రాచలానికే లాంచీ కదిలింది. ముప్పై మూడేళ్ల తేడాతో వచ్చిన ఈ రెండు సినిమాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, పాత దారిలో కొత్తవాడు తన అడుగులు తాను ఎలా వేసుకోవచ్చో తెలుస్తుంది.

రామకథకు కొత్త ఇల్లు

తెలుగు తెరకు రామాయణం పుట్టింటి కథ. 1934లో సి.పుల్లయ్య ‘లవకుశ’ తీశారు. 1963లో మళ్లీ ‘లవకుశ’ రంగుల్లో వచ్చింది. భద్రాచలం కథను చిత్తూరు నాగయ్య ‘రామదాసు’గా 1964లో తీశారు, 2006లో కె.రాఘవేంద్రరావు ‘శ్రీరామదాసు’గా తీశారు. ఈ వరసలో బాపు చోటు ప్రత్యేకం. ఆయన రామకథను రెండు రకాలుగా చెప్పారు. ఒకటి కిరీటాలతో, రెండోది పంచెలూ చీరలతో.

‘ముత్యాలముగ్గు’ (1975) రెండో రకం. అనుమానంతో భార్యను ఇంట్లోంచి పంపేసిన భర్త, దూరంగా పెరిగిన కవల పిల్లలు, చివరికి ఆ పిల్లల వల్లే కలిసిన కుటుంబం. ఉత్తర రామాయణం మన కాలపు ఇంట్లోకి వచ్చి కూర్చుంది. సంగీత, శ్రీధర్ భార్యాభర్తలు. ఆ కాపురాన్ని కూల్చే కాంట్రాక్టరు రావు గోపాలరావు. 

ఆ కాంట్రాక్టరును పరిచయం చేసిన తీరు దగ్గరగా చూడాలి. అప్పటిదాకా తెలుగు ప్రతినాయకుడు ఎక్కువగా అరిచేవాడు, మీసం తిప్పేవాడు. ఈయన అరవడు. పొద్దున్నే తీరుబడిగా కూర్చుని తూర్పున ఎర్రబడ్డ ఆకాశం చూసి కవిత్వం చెబుతాడు. ఆ ఎరుపు ఆయన కంటికి నెత్తురులా కనిపిస్తుంది. కళ పట్ల అభిరుచి ఉన్నవాడు, మర్యాదగా మాట్లాడేవాడు, హత్యకు బేరమాడేవాడు ఒక్కడే. రమణ మాటల్లోని చమత్కారం, బాపు ఫ్రేములోని నింపాదితనం కలిసి ఆ పాత్రను తయారుచేశాయి. కెమెరా తొందరపడి ఆయన మీదికి దూకదు. అంత ప్రశాంతమైన పొద్దులో అంత చెడ్డ మాట వినపడటమే మనల్ని భయపెడుతుంది.

ఈ సినిమాకు ఛాయాగ్రాహకుడు ఇషాన్ ఆర్య. ‘గర్మ్ హవా’ సినిమా తీసిన కెమెరా ఆయనది. ఆయన వెలుతురు ఎక్కడినుంచో తెచ్చి కుమ్మరించినట్టు ఉండదు, ఆ ఇంటి కిటికీలోంచి, ఆ చెట్ల సందులోంచి వచ్చినట్టుంటుంది. రంగుల ఛాయాగ్రహణానికి జాతీయ పురస్కారం ఆయనకు వచ్చింది. ఉత్తమ తెలుగు చిత్రంగానూ ఈ సినిమాకు జాతీయ పురస్కారం దక్కింది. బొమ్మలు గీయగలిగిన దర్శకుడు ఛాయాగ్రాహకుడిని తన చేతికింద పనివాడిగా చూసే ప్రమాదం ఉంటుంది. బాపు ఇషాన్ ఆర్య వంటివారిని, తరవాత ‘మనవూరి పాండవులు’కు (1978) బాలూ మహేంద్ర వంటివారిని తెచ్చుకున్నారు. తనకు గీత తెలుసు, వెలుగు తెలిసినవాడు పక్కన ఉండాలి అన్న వివేకం అది.

‘సీతాకల్యాణం’ (1976) కిరీటాల రకం. రవి రాముడు, జయప్రద సీత. ఇక్కడ మాట వెనక్కి తగ్గి, పాట, పద్యం, చిత్రం ముందుకొస్తాయి. గంగావతరణ ఘట్టం ఇప్పటికీ చూడదగ్గది. కంప్యూటర్ గ్రాఫిక్స్ లేని రోజుల్లో రవికాంత్ నగాయిచ్ ట్రిక్ ఫోటోగ్రఫీతో ఆకాశం నుంచి శివుడి జటలోకి, అక్కడినుంచి నేల మీదికి గంగ దూకింది. ఆ ఘట్టం బలం ట్రిక్కు ఒక్కటే అనుకోకూడదు. శివుడు ఎంత పెద్దగా, భగీరథుడు ఎంత చిన్నగా కనిపించాలి అన్న కొలత అసలు బలం. ఆ కొలత చిత్రకారుడిది.

చిన్న తెర మీద

1980లలో ఎన్.టి.రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు బడిపిల్లల కోసం బాపు రమణలు వీడియో పాఠాలు తయారుచేశారు. సినిమాల్లో పేరు సంపాదించినవాళ్లు పాఠాలు తీయడమేమిటని వాళ్లు అనుకోలేదు. బొమ్మతో చెబితే పిల్లలకు ఎక్కుతుందన్న నమ్మకం ఉన్న మనిషికి పలకా తెరా ఒకటే.

తరవాత ఈటీవీ కోసం ‘శ్రీ భాగవతం’ ధారావాహిక తీశారు. టీవీ దర్శకత్వానికి వేరే లెక్కలున్నాయి. సినిమా తెర మీద పది అడుగులు కనిపించిన మనిషి టీవీలో జానెడు అవుతాడు. లాంగ్ షాటులోని వివరాలు పోతాయి, ముఖం మీద ఆధారపడాలి. వారం వారం కథ ఆగాలి, ఆగిన చోట ఆసక్తి మిగలాలి. హాల్లో చీకట్లో కూర్చున్న ప్రేక్షకుడు కదలడు. ఇంట్లో ప్రేక్షకుడు వంటింట్లోకి వెళ్లివస్తాడు, ఫోను ఎత్తుతాడు. అందుకే ప్రతి ఫ్రేమూ చూడగానే అర్థం కావాలి. పత్రికలో ఒక్క బొమ్మతో కథ చెప్పిన అలవాటు ఇక్కడ మళ్లీ అక్కరకొచ్చింది. 

విలువ ఎక్కడుంది

బాపు అన్ని సినిమాలూ ఆడలేదు. రెండో సినిమా ‘బంగారు పిచిక’ (1968) దెబ్బతింది. ఫ్రేము మరీ పొందికగా కుదిరినప్పుడు మనుషులు బొమ్మల్లా నిలబడిపోయిన సందర్భాలూ ఉన్నాయి. పద్ధతి ఉన్నంత మాత్రాన విజయం రాదు. కానీ పద్ధతి ఉన్నవాడు పడిపోయినా తిరిగి లేస్తాడు. హిందీలో ‘హమ్ పాంచ్’ (1980), ‘వో సాత్ దిన్’ (1983) తీశారు. ‘పెళ్లి పుస్తకం’ (1991), ‘మిస్టర్ పెళ్లాం’ (1993) వంటి ఇంటి కథలు చెప్పారు. చివరి సినిమా ‘శ్రీరామరాజ్యం’ 2011 నవంబరులో వచ్చింది. దానికి మాటలు రాసిన రమణ ఆ ఏడాది ఫిబ్రవరిలోనే కన్నుమూశారు. ఆ సినిమాలో వాల్మీకి పాత్ర వేసింది ‘అందాల రాముడు’ నాగేశ్వరరావే. 2013లో పద్మశ్రీ అందుకున్న బాపు 2014 ఆగస్టు 31న చెన్నైలో మరణించారు.

ఇన్నేళ్ల పనిలో ఆయన మనకు వదిలిన ఆస్తి ఏమిటంటే, ముందు చూడు, తరవాత తీయి అన్న క్రమశిక్షణ. కెమెరా ఖరీదుగా ఉన్న రోజుల్లో, రీలు అడుగు అడుగునా డబ్బు కాల్చిన రోజుల్లో ఆ క్రమశిక్షణ తప్పనిసరి. ఇప్పుడు ఫోనులో ఎంత తీసినా ఖర్చు లేదు. అందుకే ఆలోచించకుండా తీయడం అలవాటైంది. గంటల కొద్దీ తీసి, ఎడిటింగులో కథ వెతుక్కునేవాళ్లు పెరిగారు. ఖర్చు తగ్గిన కాలంలోనే ఈ విద్య ఎక్కువ అవసరం.

సత్తుపల్లిలోనో, ఖమ్మంలోనో, వేంసూరు పక్క పల్లెలోనో షార్ట్ ఫిల్మ్ తీయబోతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. తీయబోయే ముందు మీ కథను గళ్లలో గీయండి. గీసినవాటిని ఇంట్లో అమ్మకో నాన్నకో చూపించి, మాటలు చెప్పకుండా కథ అర్థమైందేమో అడగండి. అర్థం కాకపోతే మళ్లీ గీయండి. మన పక్కనే గోదావరి ఉంది, అడవి ఉంది, భద్రాద్రి ఉంది, చెప్పని కథలు బోలెడున్నాయి. కాలేజీల్లో, గ్రంథాలయాల్లో పనిచేసే పెద్దలకు ఇంకో మాట. ‘సాక్షి’, ‘అందాల రాముడు’, ‘ముత్యాలముగ్గు’ పిల్లలకు వేసి చూపించండి. చూపించాక ఒక్కో సన్నివేశం దగ్గర ఆపి, ఇది ఇలాగే ఎందుకు తీశారో వాళ్లతో చెప్పించండి. బాపును గౌరవించాలంటే ఆయన పనిని నేర్చుకోవాలి.